చింతపండు కాగు మీది రికార్డు

వరంగల్ మట్టెవాడలో కట్టయ్య మైకుసెట్టు దుకాణం తెలియనివాళ్లు అప్పట్లో తక్కువ. పెళ్లయినా, పేరు పెట్టడమైనా, గణపతి నవరాత్రులైనా, ఒకరింట్లో సంతోషం నాలుగు వాడలకు తెలియాలంటే కట్టయ్య బూరలు చెట్టెక్కాల్సిందే. దుకాణం ముందు బూరలు బోర్లించి ఉండేవి. లోపల రికార్డుల పెట్టెలు, వైర్ల చుట్టలు, ఒక స్టూలు, ఆ స్టూలు మీద కట్టయ్య. ఇంత చప్పుడును కిరాయికిచ్చే మనిషి తాను నోరు విప్పితే మాత్రం ఎదుటివాళ్లు చెవి తెచ్చి ఆయన నోటి దగ్గర పెట్టాల్సి వచ్చేది. ఆయనది గొంతు కాదు, ఉత్త ఊపిరి. కొత్తగా వచ్చిన గిరాకీలు ఆయనేదో రహస్యం చెబుతున్నాడనుకుని తామూ గొంతు తగ్గించేవాళ్లు. పెళ్లికి మైకు మాట్లాడుకుంటున్న ఇద్దరు మనుషులు, చూసేవాళ్లకు ఏ ఇంటికో కన్నం వేయడానికి కూడబలుక్కుంటున్నట్టు కనబడేవాళ్లు.

ఇంట్లో సంగతి దీనికి పూర్తిగా ఎదురు. కాశిబుగ్గలో వాళ్లది రెండు గదుల పెంకుటిల్లు. భార్య మొగిలమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉప్పు లేదని గొణుక్కుంటే చాలు, వీధి మలుపులో కిరాణా దుకాణంవాడు పొట్లం కట్టి సిద్ధంగా పెట్టేవాడు. కాపురానికి వచ్చిన ఏడాది నుంచీ ఆమె పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసింది. ఆ మిషన్ల రొదలో మెల్లగా చెప్పిన మాట మాట కింద లెక్క కాదు. మిల్లులో పెంచుకున్న గొంతును సాయంత్రం గేటు దగ్గర వదిలిపెట్టి రావడం ఎవరివల్లా కాదు కదా.

వాళ్లకు పిల్లలు కలగలేదు. ఇంట్లో ఉన్నవి రెండే గొంతులు. వాటిలో ఒకటి పక్కన కూర్చుంటేనే వినబడేది, అందుకని మొగిలమ్మ ఎప్పుడూ భర్త పక్కనే కూర్చునేది. అన్నం తినేటప్పుడు, కొప్పులోంచి పత్తి పీచు ఏరుకునేటప్పుడు, ఆఖరికి కొట్లాడేటప్పుడు కూడా. అలిగి దూరంగా పోయి కూర్చుంటే ఆయన ఏం తిడుతున్నాడో తెలియదు మరి. ఆ కారణంగా వాళ్ల కొట్లాటలన్నీ భుజానికి భుజం ఆనించుకునే జరిగేవి.

“నేను బొడ్రాయి కాడ నిలవడి ఒర్రితె ఊరవతల మామిడితోటల ఇనవడేది,” అని కట్టయ్య అప్పుడప్పుడు చెప్పేవాడు.

“ఆఁ, ఇనవడ్డది,” అనేది మొగిలమ్మ. “నీ నోట్లకెల్లి మాట నా చెవుల దాక రావాల్నంటెనే బస్సెక్కాలె. మామిడితోటల దాక పోయిందట.”

ఆమె వేళాకోళానికే అనేది. కానీ నిజంగానే ఆ గొంతును ఆమె ఎరగదు. ఆమె కాపురానికి వచ్చేసరికే అది పోయింది.

కట్టయ్యది వర్ధన్నపేట దగ్గర ఒక పల్లె. తండ్రి కొమురెల్లి ఆ ఊరి చాటింపు మనిషి. శిస్తు కట్టమని చెప్పాలన్నా, పోచమ్మకు బోనాలు ఫలానా రోజని చెప్పాలన్నా, తప్పిపోయిన బర్రె ఆనవాళ్లు చెప్పాలన్నా మెడలో డప్పు వేసుకుని ఊరంతా తిరిగేది ఆయనే. వాళ్ల ఇల్లు ఊరి కొసన ఉండేది. అయినా కొమురెల్లి తన ఇంటి ముందు డప్పు ముట్టేవాడు కాదు. నోరు మూసుకుని వీధులన్నీ దాటి, ఊరి నడుమ పాతిన బొడ్రాయి దగ్గరికి పోయి, అక్కడ మొదటి దెబ్బ వేసేవాడు. అక్కడి నుంచి ఒక్కొక్క వాడా చుట్టుకుంటూ బయటి వైపుకు వచ్చేవాడు. ఆఖరి చాటింపు వాళ్ల ఇంటి ముందరే పడేది.

తండ్రి వెంట తిరిగే వయసులో కట్టయ్యకు ఇది ఉత్త తెలివితక్కువ పనిగా తోచింది. “మనిల్లు ఈ కొసకున్నది గద నాయినా. ఈడికెల్లే చెప్పుకుంట పోతె అయితది గద,” అన్నాడు.

“ఊరు నడుమకెల్లి పుట్టింది బిడ్డా,” అన్నాడు కొమురెల్లి. “మాట సుత నడుమకెల్లే లేవాలె. కొసకెల్లి మొదలువెడితె అది ఊర్లకు పోదు. పొలిమేర దాటి అవతలికి జారిపోతది.”

ఏ చాటింపు వేసినా కొమురెల్లి చివర ఒకే మాటతో ముగించేవాడు. ‘ఇన్నోళ్లు ఇననోళ్లకు చెప్పుండ్రి’ అని. ఆ మాట అనకుండా డప్పు దించితే చాటింపు పూర్తయినట్టు కాదు. వర్షం ముంచుకొచ్చి ఊరంతా లోపలికి పరుగెత్తినా ఆయన తడుస్తూ నిలబడి ఆ మాట అని గానీ ఇంట్లోకి వచ్చేవాడు కాదు. తండ్రి పోయాక డప్పు కట్టయ్య మెడలోకి వచ్చింది. కొడుకు గొంతు తండ్రి గొంతుకంటే పెద్దదని ఊరు ఒప్పుకుంది. ఆ రోజుల్లో అది చిన్న మెప్పేమీ కాదు.

ఆ గొంతును ఒకనాడు అంగట్లో వెంకట్రాజం సావుకారి విన్నాడు. ఆయన వరంగల్‌లో మేఘవేణి తైలమని ఒక తలనూనె తయారుచేసేవాడు. నూనె బాగుండేదో లేదో తెలియదు గానీ సీసా మీద బొమ్మ బాగుండేది. కట్టయ్యను ఆయన అంగళ్ల వెంట తిప్పి నూనె చాటింపు వేయించాడు. సరుకు బాగా పోయేసరికి సావుకారికి హుషారు పుట్టింది. సముద్రం అవతలి రేడియో స్టేషనులో తన నూనె పేరు వినబడాలనుకున్నాడు. పాటగత్తెలెవరూ అక్కర్లేదు, ఈ కట్టయ్యే చెప్పాలని పట్టుబట్టి, డప్పుతో సహా మద్రాసు రైలెక్కించాడు.

మద్రాసులో గోడలకు బొంతలు కుట్టినట్టున్న ఒక గదిలోకి తీసుకుపోయారు. మైకు ముందు నిలబడి మాట్లాడమన్నారు. కట్టయ్య ‘ఇనుండ్రి’ అన్నాడు. అద్దం అవతల కూర్చున్న రికార్డింగు మనిషి చెవుల మీది డిప్పలు తీసి కింద పెట్టి, రెండు అడుగులు వెనక్కి పొమ్మన్నాడు. మళ్లీ ‘ఇనుండ్రి’ అంటే ఇంకా వెనక్కి పొమ్మన్నాడు. అట్లా పోతూ పోతూ కట్టయ్య గోడకు ఆనుకుని నిలబడితే గానీ మిషను ఆయన గొంతుకు తట్టుకోలేదు. ఆ సంగతి ముసలితనంలో కూడా ఆయన ముసిముసి నవ్వు లేకుండా చెప్పలేకపోయేవాడు.

రేడియో స్టేషన్ల కోసం చేసే రికార్డులు మామూలువి కావు. ఇళ్లలో తిరిగే రికార్డు అన్నం కంచమంత ఉంటే, అవి పెళ్లిలో తలంబ్రాలు కలిపే పళ్లెమంత ఉంటాయి. అలాంటిది ఒకటి స్టేషనుకు పోయింది, దాని జోడు సావుకారి ఇంటికి వచ్చింది. రేడియోలో తన గొంతును కట్టయ్య ఒక్కసారే విన్నాడు. వరంగల్ రైలు స్టేషను ముందర హోటల్లో చాయ్ తాగుతుంటే, పాటకూ పాటకూ నడుమ తన డప్పు మోగింది. ఆ వెంటనే తన గొంతు. హోటల్లో ఎవరూ తలెత్తి చూడలేదు. తానూ ఎవరికీ చెప్పలేదు. అది నేనేనని కనీసం చాయ్ ఇచ్చినవాడికైనా చెప్పి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు గొంతులో గడ్డ లేచింది. హైదరాబాద్ దవాఖానలో ఆపరేషను చేసి ప్రాణం నిలబెట్టారు. డాక్టరు ముందే చెప్పాడు, మనిషి దక్కుతాడు గానీ గొంతు దక్కదని. అట్లాగే అయింది. కట్టయ్య డప్పును గోడకు తగిలించాడు. సావుకారి మంచివాడు. నూనె పబ్లిసిటీకి కొన్న మైకుసెట్టును కట్టయ్యకిచ్చి బతుకుదారి చూపించాడు.

మైకుసెట్టు పెట్టిన కొత్తలో ఒక పెళ్లిలో కట్టయ్య ధైర్యం చేసి మైకులో ‘హలో’ అన్నాడు. బూరలోంచి ఎండాకులు ఈడ్చినట్టు ఒక చప్పుడు వచ్చింది. పందిట్లో పిల్లలు కిసుక్కున నవ్వారు. అంతే, ఆనాటి నుంచి ఆయన మైకు దగ్గరికి నోరు తీసుకుపోలేదు. అందరూ హలో హలో అని మైకు చూస్తే కట్టయ్య గోటితో టక్ టక్ టక్ అని మూడుసార్లు కొట్టి చూసేవాడు. టక్ టక్ వినబడితే చాలు, కట్టయ్య సెట్టు వచ్చిందని జనం అనుకునేవాళ్లు. తన ఊపిరిని ఊరికి వినిపించే సాధనం చేతిలో ఉండి కూడా ఆ మనిషి ఇరవై ఏళ్లకు పైగా దాంట్లో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పట్టుదల ఇంకెక్కడైనా చూపించి ఉంటే మేడ కట్టేవాడని మొగిలమ్మ అనేది.

డెబ్భైలు సగం దాటాక మొగిలమ్మ “గట్టిగ చెప్పు” అనడం మొదలుపెట్టింది.

మొదట కట్టయ్య అది కూడా వేళాకోళమే అనుకున్నాడు. తర్వాత పాలు పొంగి పొయ్యి చుయ్యిమన్నా ఆమె తిరిగి చూడకపోవడం గమనించాడు. పక్కింటి పూలమ్మ గోడ మీది నుంచి పిలిచి పిలిచి, చివరికి చిన్న పెళ్ల విసిరితే గానీ పలకలేదు. ఆయన ఒక మాట అంటే ఆమె ఇంకొకదానికి నవ్వేది. మిషన్ల రొద చెవిలోని నరాన్ని అరగదీసిందని దవాఖానలో డాక్టరు చెప్పాడు. పెద్ద చప్పుళ్లు ఇంకొన్నాళ్లు వినబడతాయి, చిన్నవి ఒక్కొక్కటే పోతాయి, చివరికి పెద్దవీ పోతాయి అన్నాడు. కట్టయ్య గొంతుకంటే చిన్న చప్పుడు లోకంలో ఏముంది. ముందు పోయింది అదే.

మొగిలమ్మ మాత్రం ఒప్పుకోలేదు. “నాకేం చెవుడా,” అనేది. “నీకే మాట లేదు. నోట్ల నోట్ల గొనిగి నన్నంటానవ్.” కొన్నాళ్లు ఆయన నోటికి చెవి ఆనించి వినడానికి చూసింది. అట్లా కూడా అందకపోయేసరికి సైగలు మొదలయ్యాయి. చెయ్యి ఇట్లా తిప్పితే అన్నం, అట్లా తిప్పితే చాయ్. సైగలకు పక్కన కూర్చోవాల్సిన పని లేదు, ఎదురుగా కూర్చుంటేనే సుళువు. మెల్లగా ఆమె పక్కన కూర్చోవడం మానేసింది. కట్టయ్యకు అన్నిటికంటే పెద్ద బాధ అది. పగలంతా ఊరికి పాటలు వినిపించి వచ్చి, ఇంట్లో ఆకలవుతుందని చేత్తో చెప్పుకోవడం ఆయనకు నామోషీగా కూడా ఉండేది. ఆమె చెవులు పూర్తిగా మూసుకుపోకముందే తన గొంతు, దగ్గరికి వచ్చి వంగి వినక్కర్లేని ఆ పాత గొంతు, ఒక్కసారి ఆమె చెవిన పడాలని ఆయనకు బలంగా ఉండేది. అది ఎక్కడుందో మాత్రం తెలియదు.

అది ఎనభై ఒకటో సంవత్సరం ఎండాకాలం. వెంకట్రాజం సావుకారి పోయి చాలాకాలమైంది, నూనె వ్యాపారం ఆయనతోనే పోయింది. ఆ ఇంట్లో పెళ్లికి మైకు కట్టడానికి కట్టయ్య పోయాడు. వైరు లాగుతూ సామాన్ల గదిలోకి అడుగుపెడితే, అక్కడ మూలన ఒక చింతపండు కాగు, దాని మీద నల్లటి పెద్ద మూత కనబడ్డాయి. మూత నడుమ చిల్లులోంచి నులక తాడు తీసి ఎత్తడానికి పిడిలాగా ముడివేశారు. కట్టయ్య పంచె కొంగుతో మూత మీద దుమ్ము తుడిచాడు. తాడు చుట్టూ గుండ్రటి కాగితంలో ‘మేఘవేణి’ అనే అక్షరాలు తేలాయి. ఆయన చేతిలోని వైరు చుట్ట కింద పడింది.

సావుకారి కోడలు సరస్వతి ఆ చప్పుడుకు వచ్చింది. కట్టయ్య మూతను చూపించి ఏదో అన్నాడు. ఆమె దగ్గరికి వచ్చి వింది.

“మా మామగారి సామాన్లల్ల దొరికింది కట్టయ్యా. అందరు పారేద్దామంటె నేనే ఉంచిన. కాగు మూతికి సరిగ్గ కూసుంది. బరువున్నది, ఎలుకలు జరపలేవు.”

“అమ్మా, దీంట్ల నేనున్న,” అన్నాడు కట్టయ్య.

సరస్వతి ఆయన ముఖం కేసి చూసి, కాగుకు వేరే మూత తెచ్చిచ్చి తీసుకుపొమ్మంది. మర్నాడు ఆయన కాగుకు సరిపోయే స్టీలు పళ్లెం తెచ్చి ఇచ్చాడు. “మంచి మూత పోగొట్టినవ్,” అని సణుగుతూనే ఆమె రికార్డును పాత చీరలో చుట్టి చేతిలో పెట్టింది.

ఇంటికి తెచ్చి సబ్బునీళ్లలో దూది ముంచి గాడి గాడి కడిగాడు. చింతపండు వాసన సగం పోయింది, సగం ఉండిపోయింది. మొగిలమ్మ వచ్చి నడుము మీద చెయ్యి పెట్టుకుని చూసింది. “మూత తెచ్చినవ్ సరె, కాగేది?” అంది. కట్టయ్య తన గొంతు చూపించి, తర్వాత రికార్డును చూపించాడు. ఆమె నవ్వబోయి ఆగింది. “నిజంగనా?” అని అడిగింది. ఆయన తల ఊపాడు. ఆమె పోయి ముందే పీట వేసుకుని కూర్చుంది.

కూర్చోవడం తొందరపడి కూర్చుంది గానీ, రికార్డు ఆయన రికార్డులు తిప్పే పెట్టెలో పడితే కదా. పెట్టె గోడలు అడ్డం వచ్చాయి. వడ్రంగి సారయ్యను పిలిచి పెట్టె గోడ కోయించాడు. తిరిగే పళ్లెం కింద చెక్క ముక్క పెట్టి ఎత్తు లేపించాడు. సూది ఉండే చేతిని ఊడబీకి దూరంగా బిగించాడు. సారయ్యకు ఇదంతా ఒక పండుగలాగా ఉంది. “పెట్టె కోసం రికార్డు చేత్తరు గని, రికార్డు కోసం పెట్టెను గిట్ల కోసుడు నేన్ చూళ్లే అన్నా,” అన్నాడు.

అంతా సిద్ధమయ్యాక కట్టయ్య బూరను మొగిలమ్మ వైపు తిప్పి, రికార్డు బయటి అంచు మీద సూది ఆనించాడు. ఎన్ని వేల రికార్డులు పెట్టిన చెయ్యి అది. అంచు మీద తప్ప ఇంకెక్కడా సూది పెట్టడం దానికి తెలియదు. బూర ఒక్కసారి కర్రుమంది. సూది అంచు దాటి కింది చెక్క మీదికి జారిపోయింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ జారింది. సూది మీద బరువుకు బిళ్ల పెట్టి చూశాడు. తిరిగే వేగం మార్చి చూశాడు. సూది ప్రతిసారీ బయటికే పోతోంది, పోయినప్పుడల్లా అంచు మీద ఒక కొత్త గీత పడుతోంది. మొగిలమ్మ అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని, మిల్లులో మొదటి దినం పనిచేసినంత శ్రద్ధగా, కూర్చునే ఉంది.

“అరిగిపోయింది అన్నా,” అన్నాడు సారయ్య. “చింతపండు పులుపుకు ఇత్తడే ఆగది. గిదెంత.”

కట్టయ్య సూదిని ఎత్తి పక్కన పెట్టాడు. ఇంకా గీసుకుంటూ పోతే ఉన్నది కూడా పోతుందని భయం వేసింది. రికార్డును పంచెలో చుట్టి అటక మీద పెట్టాడు. మొగిలమ్మ ఆ సాయంత్రం ఒక్క వేళాకోళపు మాట కూడా అనలేదు. ఏదో ఒకటి అని ఉంటే ఆయనకు అంత దుఃఖం వచ్చేది కాదు.

మరుసటి ఏడు పాలకుర్తి వైపు ఒక ఊళ్లో బొడ్రాయి పండుగకు కట్టయ్య సెట్టు పోయింది. పాత రాయి ఒరిగిపోయిందని కొత్తగా నిలబెడుతున్నారు. అట్లాంటప్పుడు ఊరి పొలిమేర కట్టేస్తారు. పూజ ముగిసేదాకా లోపలివాళ్లు బయటికి పోరాదు, బయటివాళ్లు లోపలికి రారాదు. ఆ కట్టుబాటు సంగతి మైకులో చెప్పించాలని పెద్దలు, కట్టయ్య సెట్టు పెట్టుకున్న భోజనాల పందిరి దగ్గరికి వచ్చేసరికి కరెంటు పోయింది. బూరలు చెట్టు మీద ఊరికే వేలాడుతున్నాయి. ఇక చేసేదేం లేక ఊరి చాటింపు మనిషికి కబురుపెట్టారు.

అతని ఇల్లు పందిరి పక్కనే, ఊరి కొసన ఉంది. డప్పు మంట మీద కాచుకుని మెడలో వేసుకున్నాడు. పందిట్లో అంత జనం ఉన్నా అక్కడ ఒక్క దెబ్బ వేయలేదు. ఎవరితోనూ మాట్లాడకుండా అందరినీ దాటుకుని ఊరి నడుమకు పోయాడు. కాసేపటికి అక్కడి నుంచి మొదటి దెబ్బ వినబడింది. తర్వాత చాటింపు ఒక్కొక్క వాడే దాటుకుంటూ, చుట్టు తర్వాత చుట్టుగా, బయటికి రావడం కట్టయ్య స్టూలు మీద కూర్చుని వింటున్నాడు. తండ్రి ఎట్లా వచ్చేవాడో అట్లాగే వస్తోంది. కొసకెల్లి మొదలువెడితె జారిపోతదని తండ్రి అన్న మాట గుర్తొచ్చింది. ఆ వెంటనే చెక్క మీదికి జారిపోయిన సూది గుర్తొచ్చింది.

కట్టయ్య లేచి నిలబడ్డాడు. బస్సు ఎప్పుడుందని పక్కవాణ్ని అడిగాడు. అతను ఈయన నోటికి చెవి ఆనించి విని, పెద్దగా నవ్వాడు. “ఎటు పోతవ్ తాతా. పొలిమేర కట్టిన్రు గద. రేపు పొద్దుగాల దాక నువ్వూ మాతోనే.”

ఆ రోజు గడవడం కట్టయ్యకు మహా కష్టమైంది. కరెంటు వచ్చింది, పాటలు పెట్టాడు, సూదిని అంచు మీద పెట్టినప్పుడల్లా ఆయనకు తన మీద తనకే కోపం వచ్చింది. చాటింపు ఇంట్లో పుట్టి, చాటింపు మాటే నింపిన రికార్డును కొసనుంచి మొదలుపెట్టినవాడు తానొక్కడే అయి ఉంటాడనుకున్నాడు.

మర్నాడు ఇల్లు చేరేసరికి ఎండ ముదిరింది. మొగిలమ్మ వాకిట్లో నీడన కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. అప్పటికి ఆమె మిల్లు మానేసింది. కట్టయ్య సెట్టును వాకిట్లోనే దించి, కోసిన పెట్టెను బయటికి తెచ్చి, అటక మీది నుంచి మూట దించాడు. ఆమె చూసింది గానీ ఈసారి పీట వేసుకోలేదు. తొడిమలు తీసుకుంటూనే ఉంది. ఆయన బూరను ఆమె వైపు తిప్పాడు. సూదిని ఎత్తి, అంచును దాటించి, నడుమ కాగితం పక్కనే ఉన్న మొదటి గాడి మీద మెల్లగా దించాడు.

కొంతసేపు ఇసుక రాలినట్టు గరగరమంది. తర్వాత డప్పు మోగింది. తోలు బాగా కాచిన డప్పు, తండ్రి చేతి డప్పు. ఆ మీదట గొంతు లేచింది.

“ఇనుండ్రి, ఇనుండ్రి. పెద్దలు, పిన్నలు, అక్కలు, చెల్లెండ్లు అందరు ఇనుండ్రి. వరంగల్లుల మేఘవేణి తైలం వచ్చింది. తలకు చల్లన, కంటికి నిద్ర. ముసలమ్మ వెట్టుకుంటె పడుచుపిల్ల, పడుచుపిల్ల వెట్టుకుంటె మహారాణి...”

మొగిలమ్మ చేతిలోని మిరపకాయ అట్లాగే ఆగిపోయింది. గొంతు వాకిలి దాటి వీధిలోకి పోయింది. పూలమ్మ గోడ మీది నుంచి తల ఎత్తి చూసింది. కట్టయ్య మాత్రం భార్య ముఖం తప్ప ఇంకేదీ చూడలేదు. ఆమెకు వినబడుతోంది. చెవి వెనక చెయ్యి లేకుండానే వినబడుతోంది. ఆయన ఒళ్లంతా సంతోషంతో తేలికయింది.

“ఎవలయ్య గిది?” అంది మొగిలమ్మ.

ఆయన తన గుండె మీద వేలు పెట్టుకుని చూపించాడు. ఆమె బూరను చూసింది, ఆయన్ను చూసింది, మళ్లీ బూరను చూసింది.

“మంచిగున్నది,” అంది. “మస్తు గొంతు.”

వేరేవాళ్ల కొడుకు బాగా చదువుతున్నాడంటే మెచ్చుకున్నట్టుంది ఆ మాట. ఆమె తప్పేమీ లేదు. ఆ గొంతు మనిషితో ఆమె ఏనాడూ కాపురం చేయలేదు, కొట్లాడలేదు. ఆయన సంతోషం ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా కిందికి దిగింది. ఇన్నేళ్లు ఆ గొంతు కోసం తపించింది ఆమె కోసమా, తన కోసమా అని మొదటిసారి అనుమానం కలిగింది.

సూది ఒక్కొక్క చుట్టే దాటి బయటి అంచుకు వస్తోంది. రేడియో స్టేషన్ల రికార్డుల్లో కొన్నిటిని అట్లా నడుమ నుంచి బయటికే గీసేవాళ్లు. నూనె పొగడ్తలన్నీ అయిపోయాయి. కట్టయ్య లోలోపల తర్వాతి మాట కోసం ఎదురుచూశాడు. “ఇన్నోళ్లు...” అన్నది బూర. అంతలో సూది ఆయనే పోయినేడు చేసిన గీతల్లో పడింది. కర్రుమని జారి చెక్క మీదికి దిగిపోయింది. బూరలో ఉత్త గుంయ్ మనే చప్పుడు మిగిలింది.

చాటింపు సగంలో ఆగింది. ఆ ఇంట్లో తరతరాలుగా ఎవరూ చాటింపు సగంలో దించలేదు. వర్షంలో తడుస్తూ నిలబడిన తండ్రి కళ్ల ముందుకొచ్చాడు. ఏం చేస్తున్నాడో తనకే తెలియకుండా కట్టయ్య మైకు చేతిలోకి తీసుకున్నాడు. గోరు అలవాటు ప్రకారం మైకు మీదికి పోయింది, కానీ కొట్టలేదు. మైకును నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

“ఇన్నోళ్లు ఇననోళ్లకు చెప్పుండ్రి,” అన్నాడు.

బూరలోంచి ఎండాకులు ఈడ్చినట్టే వచ్చింది. ఇరవై ఏళ్ల కిందట పెళ్లి పందిట్లో ఎట్లా వచ్చిందో అట్లాగే, అంతే గరగరగా. ఈసారి ఎవరూ నవ్వలేదు. మొగిలమ్మ చేటను పక్కకు నెట్టి లేచి నిలబడింది. మిరపకాయలు నేల మీద పడ్డాయి, చూసుకోలేదు.

“ఇగో,” అంది. “గిది. గిది నీ గొంతు.”

ఆమె కళ్లు నిండాయి. తుడుచుకుందామంటే చేతికి మిరపకాయల ఘాటు, అందుకని వాటిని అట్లాగే కారనిచ్చింది. “ఏడికి పోయినవయ్యా ఇన్ని దినాలు?” అంది.

“ఏడికి పోలే. ఈన్నే ఉన్న,” అన్నాడు కట్టయ్య మైకులో. కాశిబుగ్గ సగం వింది. ఆయన పట్టించుకోలేదు. మొగిలమ్మ వచ్చి ఆయన పక్కన, ఎప్పుడూ కూర్చునే వైపే, కూర్చుంది. అన్నేళ్లుగా చేత్తో చెప్పలేక మిగిలిపోయిన మాటలు కట్టయ్య దగ్గర చాలానే ఉన్నాయి, ఏది ముందు చెప్పాలో తెలియలేదు. చివరికి మైకు మళ్లీ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

“మొగిలీ, జర చాయ్ పెడతవా?”

“పెడత,” అంది మొగిలమ్మ. “గంతగనం ఒర్రకు. నాకేమన్న చెవుడా.”

గొంతు పోయిన తర్వాత కట్టయ్యను ఒర్రకు అన్న మనిషి ఆమె ఒక్కతే. ఆయన చెయ్యి చాపి సెట్టు మీద మీటను కొంచెం వెనక్కి తిప్పాడు.